లెక్కింపు లెక్కలు: పిల్లలకు మనము చేయదగిన సాయము
(ప్రసంగ పాఠము)



బాట, బావి, వీధి దీపముల సంగతి మనము తరచు మాట్లాడుకొనుచునే యున్నాము. నేడు పిల్లల లెక్కలను గూర్చి రెండు మాటలు మనవి చేయుదును. కూడికలు, గుణకారములు చక్కగా చేయు బాలుడు సైతము “ఎన్ని విధములుగా?” అను ప్రశ్న ఎదురైనచో తెల్లబోవుచున్నాడు.

శ్రీమహావిష్ణువునకు చేతులు నాలుగు. శంఖము, చక్రము, గద, పద్మము వానియందు ఎన్ని విధములుగా అమర్చవచ్చును? ఇది భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలోని ప్రశ్న. మొదటి చేతికి నాలుగింటిలో ఏదైనను ఈయవచ్చును. రెండవదానికి మిగిలినవి మూడు, మూడవదానికి రెండు, నాలుగవదానికి ఒకటి. నాలుగు మూళ్లు పన్నెండు, పన్నెండు రెళ్లు 24. కేశవ నామములు 24 అని సభ్యులెరిగినదే. ఆ మూర్తులకు భేదము ఈ అమరికయే. శివుని పది చేతులకు పది ఆయుధములను గూర్చియు ఆయన అడిగినాడు. అది 36,28,800 అగును!

నేనెరిగిన ఒక బాలుడు ఈ 24ను పలకపై వ్రాయబూని 23 వద్ద నిలిచిపోయెను. తోచినది తోచినట్లు వ్రాయుటచే ఒకటి జారినది. తప్పని పలక తుడిపించిరి. వాడు మరల ఆ లెక్క జోలికి పోలేదు. వానికి కావలసినది సూత్రము కాదు, వరుస. మొదటి చేత శంఖమున్న ఆరింటిని ముందుగా వ్రాసి, పిదప చక్రమున్న ఆరు, ఆపై గద, పద్మము, ఇట్లు సాగినచో ఏదియు జారదు, ఏదియు రెండుమారులు రాదు.

మరియొక చిక్కు కలదు. ఎవరు ముందు, ఎవరు వెనుక అనునది లెక్కకు వచ్చునా, రాదా? మీలో ఐదుగురి నుండి ఇద్దరిని పొరుగూరికి పంపవలెననుకొందము. మొదటివారికి జత కాగలవారు నలుగురు, రెండవవారికి క్రొత్తగా ముగ్గురు, ఆపై ఇద్దరు, ఒకరు. వెరసి 10 జతలు. అదే ఐదుగురిలో జాతర సంఘమునకు అధ్యక్షుడొకరు, కోశాధికారి యొకరు కావలెనన్నచో 20. పెట్టె తాళము ఎవరి చేత నున్నదో అది ఎంత భేదమో మీకు వేరుగా చెప్పవలెనా!

ఒక సాయంకాలము పంచాయతీ కార్యాలయపు అరుగుపై పిల్లలను కూర్చుండబెట్టుడు. నాలుగు గడులు గీయించి గవ్వ, చింతగింజ, గులకరాయి, పుల్ల చేతికిచ్చి, ఎన్ని విధములుగా పేర్చవచ్చునో అడుగుడు. జవాబు మీరు చెప్పవలదు. 23 అన్న వానిని జారినది ఎక్కడనో వెదకుకొననిండు. పలక మాత్రము తుడువనీయకుడు.