దేవుడు మనల్ని ఎవరి దగ్గరికి నడిపిస్తాడు?



"పాస్టరు గారూ, నా విషయంలో దేవుని చిత్తం ఏమిటో ఎలా తెలుసుకోవాలి?" యువతీ యువకులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఏ కోర్సులో చేరాలి, ఏ ఊళ్ళో ఉద్యోగం వెతుక్కోవాలి, ఎవరిని పెళ్ళి చేసుకోవాలి అన్నదే వాళ్ళ మనసులోని మాట. మంచి ప్రశ్నే. కానీ జవాబు కోసం కొందరు కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెడతారు. కొందరు కానుక పుచ్చుకుని ప్రవచనం చెప్పేవారి చుట్టూ తిరుగుతారు. దేవుని నడిపింపు సోదె కాదు ప్రియులారా.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం తీసి చూడండి. పౌలు ఆసియలో వాక్యం చెప్పాలనుకున్నాడు, ఆత్మ ఆపాడు. బితూనియకు వెళ్ళబోయాడు, అదీ జరగలేదు. సువార్త కోసం బయలుదేరిన వాడికే రెండు తలుపులు మూసుకుపోయాయి. కారణం కూడా చెప్పలేదు. చివరికి త్రోయకు చేరాడు. ఆ రాత్రి దర్శనంలో దేవుడు అతనికి ప్రయాణం మొత్తం చూపించలేదు. ఒక మనిషిని చూపించాడు. మాసిదోనియ వాడొకడు నిలబడి సహాయం కోసం వేడుకుంటున్నాడు. అంతే.

దర్శనం చూసింది పౌలు ఒక్కడే. అది దేవుని పిలుపని నిశ్చయించుకున్నది మాత్రం అందరూ కలిసి. అందుకే లూకా అక్కడ బహువచనంలో రాస్తాడు.

ఫిలిప్పీలో వారికి ఎవరు ఎదురయ్యారు? మొదట లూదియ. ఆమె సొంత ఊరు తుయతైర, ఆసియలోనిదే! ఏ ప్రాంతానికి వెళ్ళవద్దని ఆత్మ ఆపాడో, ఆ ప్రాంతపు స్త్రీయే ముందుగా హృదయం తెరిచింది. తర్వాత ఒక దాసి. ఆమె చేత సోదె చెప్పించి యజమానులు డబ్బు సంపాదించేవారు. పౌలు ఆమెను విడిపించాడు. వాళ్ళ ఆదాయం పోయింది. అందుకు అతనికి దొరికింది బెత్తపు దెబ్బలు, చెరసాల, కాళ్ళకు బొండ. దేవుడు నడిపిస్తే అంతా సుఖమే అని బోధించేవారు ఈ అధ్యాయాన్ని ఎక్కడ దాస్తారు?

మర్నాడు అధికారులు గుట్టుగా వెళ్ళిపొమ్మన్నారు. పౌలు కదలలేదు. రోమా పౌరుడిగా తన హక్కు అడిగాడు. కాబట్టి మూసిన ప్రతి తలుపూ దేవుడు మూసినది కాదు. కులం చూసి ఇల్లు అద్దెకివ్వకపోతే, పొరుగు రాష్ట్రం వాళ్ళని ఆఫీసులో తిప్పి పంపితే, అది దైవచిత్తం అని తలవంచకండి. అది అన్యాయం. దాన్ని అడగడం కూడా విశ్వాసమే.

మన సంఘ చరిత్రలోనూ ఈ నడిపింపు ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఎదుట ఆకలితో జనం నిలబడ్డారు. ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని వారికి కూలి కల్పించాడు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. కరువు పనులు ముగిశాక 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కాలువ పని మొదలుపెట్టినప్పుడు ఆ రోజు ఆయన కంటికి కనబడలేదు. కనబడింది ఎదుటివాడి ఆకలి.

ఆ కాలువే చెన్నై నగరం గుండా పోతుంది. చెన్నైలో, బెంగళూరులో వీధులు ఊడ్చి, మురుగు ఎత్తే వారిలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దించకూడదని 2013 చట్టం చెబుతోంది. అయినా చావులు ఆగలేదు. ఆదివారం మన పక్కన కూర్చున్న అన్న సోమవారం మ్యాన్‌హోల్ దగ్గర ఉండొచ్చు. లా చదువుతున్న తమ్ముడూ, స్థానిక భాషలో అర్జీ రాయగల చెల్లెమ్మా, నీ చదువుకు పిలుపు అక్కడ వినబడటం లేదా?

ఉద్యోగం గురించి, పెళ్ళి గురించి ప్రార్థించండి. తట్టిన ఆలోచనను వాక్యంతో సరిచూడండి. సంఘంలో నమ్మదగిన పెద్దలతో మాట్లాడండి. దానివల్ల ఎవరికైనా మేలు, విడుదల కలుగుతాయా అని అడగండి. తర్వాత ఒక్క అడుగు వేయండి. మిగతా దారి ఆయన చేతిలో ఉంది.

ఈరోజు ఎవరి కేక వినాలో ప్రభువు మనకు చూపించును గాక. ఆమేన్.