జపాను సాహిత్య సౌందర్యం – అనువాదకుని సంకటం



1686లో జపాను కవి బషో వ్రాసిన ఒక చిన్న హైకూ నేటికీ అనువాదకులను తిప్పలు పెడుతూనే ఉన్నది. మొత్తం పదిహేడు మాత్రలు. పాత కొలను, అందులో దూకే కప్ప, నీటి చప్పుడు – అంతే. అయితే దూకినది ఒక కప్పా, పలు కప్పలా? జపాను భాషలో నామవాచకానికి వచనభేదం తప్పనిసరి కాదు. ఇంగ్లీషులో తప్పదు. పలువురు ఒక్క కప్పనే దూకించగా, లఫ్కాడియో హెర్న్ బహువచనం వాడి కప్పలను దూకించాడు.

తెలుగులో ఈ చిక్కుతోపాటు మరొకటి ఉన్నది. హైకూలో ఋతువును తెలిపే మాట ఒకటి ఉండడం సంప్రదాయం. జపాను కవులకు కప్ప వసంతసూచకం. పూర్వకవులు దాని గొంతును కీర్తించారు. బషో అది దూకిన చప్పుడు విన్నాడు. వాన రాకుంటే కప్పను రోకలికి కట్టి, ఇంటింటా నీళ్లు పోయించే ఆచారం గల తెలుగువారికో, కప్ప అంటే తొలకరి, నిండిన చెరువు, రాత్రంతా బెకబెక. వసంతమంటే కోయిల, మామిడి చిగురు. కనుక ‘కప్ప’ అని వ్రాస్తే మాట నిలిచి ఋతువు మారిపోతుంది. కోయిలను తెస్తే ఋతువు నిలుస్తుంది గాని, పాపం, అది కొలనులో దూకదు!

‘మోనో నో అవారే’ అన్న భావం సంగతీ ఇంతే. పదకొండవ శతాబ్ది తొలినాళ్లలో మురసాకి షికిబు రచించిన ‘గెంజి గాథ’కు అదే ప్రాణమని పద్దెనిమిదవ శతాబ్ది పండితుడు మొతోరి నొరినాగ వివరించాడు. దానిని కరుణరస మనబోతే, కరుణకు శోకమే స్థాయీభావం. అవారేలో పూలు రాలిపోతున్నవన్న దిగులు, రాలిపోయేవి కనుకనే వాటిపై కలిగే మమకారం విడదీయరాకుండా ఉంటాయి. ‘జాలి’ చాలదు, ‘అనిత్యత’ అంటే వేదాంతమవుతుంది. ఆ మాటను అలాగే ఉంచుకోవడమే మేలు.

యసునారి కవబాత నవల ‘మంచు దేశం’ మొదటి వాక్యంలో రైలు అన్న మాటే లేదు. సరిహద్దు సొరంగం దాటడం, ఎదుట మంచు దేశం – ఇంతే ఉన్నది. చదువరి తానే దాటినట్లుంటుంది. 1956లో వెలువడిన ఇంగ్లీషు అనువాదంలో ఎడ్వర్డ్ సైడెన్‌స్టికర్ ఆ వాక్యానికి రైలును కర్తగా తెచ్చాడు. ఆ భాషా నియమం అటువంటిది. తెలుగుకు ఆ నిర్బంధం లేదు, ‘దాటగానే’ అంటే చాలు. కాని ఇంగ్లీషును చూచి తెలుగు చేస్తే, అక్కరలేని ఆ రైలు తెలుగు వాక్యంలోకీ వచ్చి నిలుస్తుంది. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష పలుకుతూ పెరిగే ఈ బడి పిల్లలలో ఒక్కరు జపాను నేర్చి, మూలం నుండి నేరుగా తెలుగు చేసిననాడు, ఆ వాక్యంలో రైలు ఉండదు.