స్వర్ణోత్సవ యాత్రకు ఏ ఊరు?
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా 17-12-2025 నాడు చౌటుప్పల్‌లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది యజమాని దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో డీఏ గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పట్టుకుని "మీరు దంపతులిద్దరూ బాలి ద్వీపం పోయివచ్చారు కదా, ఆ ముచ్చట చెప్పండి" అన్నారు. యాత్రా విశేషాలు చెప్పడానికి నాకంటే బాగా తిరిగినవారు ఈ సభలోనే ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది, ఆ ఊరే ఎందుకు పోయామన్న సంగతి. యాత్ర ఏడు రోజులు. ఊరు నిర్ణయించుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. అసలు కథంతా ఆ నాలుగు నెలల్లోనే ఉంది.

మా పెళ్ళి 1975 మే నెలలో జరిగింది. సరిగ్గా నెల తిరిగేసరికి దేశంలో ఎమర్జెన్సీ వచ్చింది. మా ఇంట్లో మాత్రం పెళ్ళినాటి నుంచే వచ్చిందని మా ఆవిడ అంటూ ఉంటుంది. ఆమె మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇల్లు ఎక్కడ కట్టాలి, పిల్లల్ని ఏ బడిలో వేయాలి, తిరుపతి ఎప్పుడు పోవాలి, అన్నీ నేనే నిర్ణయించాను. తపాలా శాఖలో పనిచేసినవాణ్ణి, వేళకు సంచీ కట్టాలి, వేళకు సంచీ విప్పాలి. ఇంట్లోనూ అదే పద్ధతి నడిపాను.

2009లో రిటైరయ్యాను. అప్పుడు కమ్యూట్ చేసిన పెన్షన్ పదిహేనేళ్ళు నిండి, 2024లో తిరిగి కలిసింది. ఆ మొదటి నెల బ్యాంకు పుస్తకం చూసుకున్నప్పటి సంతోషం మీ అందరికీ తెలిసిందే, నేను వర్ణించనక్కరలేదు. ఆ డబ్బు విడిగా దాచి, మరుసటి ఏడు యాభై ఏళ్ళ పెళ్ళిరోజుకు ఒక్కసారైనా దేశం దాటి రావాలని సంకల్పించాను. ఇన్నేళ్ళూ హైవే పక్కన కాపురం. జాతీయ రహదారి 9 అన్నప్పటి నుంచి 65 అయ్యేదాకా జనం మన ముందు నుంచే పోతూ ఉన్నారు. సంక్రాంతి వచ్చిందంటే పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు ఎంత దూరం నిలుస్తాయో చూస్తూనే ఉన్నాం. "లోకమంతా మన ఇంటి ముంగట నుంచే పోతది, మనమే యాడికి పోం" అని మా ఆవిడ వందసార్లు అని ఉంటుంది.

దేశం దాటాలని సంకల్పించిన రోజునే ఏ దేశమో కూడా నేనే నిర్ణయించేశాను. స్విట్జర్లాండు. అందరూ సినిమాలు చూసి పోతారు గానీ నా కారణం వేరు. ఆ దేశంలో బెర్న్ అనే నగరం ఉంది. 1874 అక్టోబరు 9న విశ్వ తపాలా సంఘం పుట్టింది అక్కడే. ఏటా ఆ తేదీన ప్రపంచ తపాలా దినోత్సవం చేసేది అందుకే. మన దేశం 1876లోనే అందులో చేరింది. అక్కడ ఒక పార్కులో భూగోళం చుట్టూ ఐదుగురు స్త్రీలు ఒకరి చేతికొకరు ఉత్తరాలు అందించుకుంటున్న స్మారకం ఉంది. సర్వీసులో ఉన్నప్పటి నుంచీ దాని బొమ్మ చూసి చూసి, చచ్చేలోగా ఒక్కసారి దాని కింద నిలబడాలని కోరిక.

పిల్లలకు చెబితే ఎవరి సలహా వాళ్ళు ఇచ్చారు. కొడుకు దుబాయి అన్నాడు, దగ్గర కాబట్టి. కూతురు సింగపూరు అన్నది, శుభ్రంగా ఉంటుంది కాబట్టి. మిత్రులొకరు "నేపాల్ పోండి, పశుపతినాథుడి దర్శనమూ అవుతుంది, పాస్‌పోర్టు ఖర్చు కూడా ఉండదు, ఓటరు కార్డు చాలు" అన్నారు. అది మంచి సలహాయే. పాస్‌పోర్టు లేనివారు గుర్తుంచుకోండి. నేను మాత్రం స్విట్జర్లాండు దగ్గరే ఉండిపోయాను.

ఒకరోజు రాత్రి భోజనాల వేళ మనవరాలు అమాయకంగా అడిగింది, "నానమ్మ ఎక్కడికి పోవాలంటున్నది?" అని. ఇంట్లో ఎవరం మాట్లాడలేదు. మా ఆవిడ అన్నం కలుపుతూ, "నన్నెవరన్న అడిగిండ్రా బిడ్డా? గా మంచు కొండల నడుమ నేనేం జెయ్యాలె?" అన్నది. అంతటితో ఊరుకోలేదు. లేచి పోయి, చీరల పెట్టె అడుగు నుంచి ఒక బొమ్మ కార్డు తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది.

ఆ కార్డు సంగతి చెప్పాలంటే మా అత్తవారి సంగతి చెప్పాలి. ఆమెది మన మండలంలోని కొయ్యలగూడెమే. మగ్గం ఇంటి పిల్ల. ఐదో తరగతితో బడి మాన్పించి ఆసు దగ్గర కూర్చోబెట్టారు. మీలో చాలామందికి తెలుసు గానీ ఈ సంచిక చదివే పిల్లలకు తెలియకపోవచ్చు. మన పోచంపల్లి రకం చీరకు నూలు ముందే లెక్క ప్రకారం మేకుల చుట్టూ పోసి, అవసరమైన చోట దారంతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టినచోట రంగు అంటదు. ఆ కట్టడమే చిటికి. మేకుల చుట్టూ నూలు పోయడం ఆసు. ఒక్క చీరకు ఆడమనిషి చెయ్యి ఆ మేకుల చుట్టూ వేలసార్లు తిరగాలి. తల్లి భుజం నొప్పి చూడలేకనే ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం కనిపెట్టి దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మా ఆవిడ చిన్నతనంలో అటువంటి యంత్రం లేదు. ఆమె కుడి భుజం ఈనాటికీ పూర్తిగా పైకి లేవదు.

ఇక కార్డు. 1996లో విదేశీయులు కొందరు మగ్గాలు చూడటానికి మా బావమరిది ఇంటికి వచ్చారట. ఆ సమయానికి బతుకమ్మ పండుగకు పుట్టింటికి పోయిన మా ఆవిడ వాళ్ళకు చిటికి కట్టి చూపించిందట. వచ్చినవారిలో ఒకామె తరువాత ఈ కార్డు పంపించింది. దాని మీద ఒక ముసలమ్మ, ముందర చట్రానికి లాగి కట్టిన నూలు, వేళ్ళ మధ్య ముడి. "మా అవ్వ గూసున్నట్టే గూసున్నది" అన్నది మా ఆవిడ. వెనుక ఇంగ్లీషులో ఉన్నది మనవరాలు చదివింది: తెంగానన్, బాలి.

నేను కార్డు తీసుకుని వెనక్కి తిప్పాను. చిరునామా పక్కన చౌటుప్పల్ ఆఫీసు తేదీ ముద్ర. ఆ సంవత్సరం ఆ సీట్లో ఉన్నది నేనే. నా చేతి మీదుగా పోయిన కార్డు, నా ఇంట్లోనే ఇరవై తొమ్మిదేళ్ళు ఉన్నది, నాకు తెలియదు.

ఆ రాత్రే నేను మారిపోయానని అనుకోకండి. మరో నెల వాదించాను. చివరికి నన్ను ఒప్పించినవి లెక్కలు. స్విట్జర్లాండు వీసాకు బ్యాంకు కాగితాలు, ఇన్సూరెన్సు, వేలిముద్రలు, ముందే బుక్ చేసిన హోటలు రసీదులు అన్నీ చూపాలి. అందరూ పోయే యుంగ్‌ఫ్రావ్ స్టేషను 3,454 మీటర్ల ఎత్తులో ఉంది. నా రక్తపోటు సంగతి తెలిసిన డాక్టరు గారు పెదవి విరిచారు. ఇక మన ప్రాంతపు బోరు నీళ్ళు ముప్ఫై ఏళ్ళు తాగిన మోకాళ్ళు ఆమెవి. 2015లో వాటర్‌గ్రిడ్ పైలాన్ మన ఊళ్ళోనే ఆవిష్కరించారు గానీ, నల్లా నీళ్ళు వచ్చేనాటికే ఫ్లోరైడు చేయవలసింది చేసేసింది. చలిలో ఆ మోకాళ్ళు ఏమవుతాయో ఊహించుకున్నాను.

బాలిలో ఆగస్టు నెల వానలు లేని కాలం. మూడు పూటలా అన్నం దొరుకుతుంది, నంజుకోవడానికి సాంబల్ అనే మిరపకాయ పచ్చడి. గడియారం మనకంటే రెండున్నర గంటలే ముందు, కాబట్టి బీపీ మాత్ర వేళలు తారుమారు కావు. ఇది మనలాంటివారికి చిన్న విషయం కాదు. వీసా అక్కడ దిగాకే ఇస్తారు. రుసుము ఐదు లక్షల రూపయ్యాలని కొడుకు చదివి చెప్పగానే నాకు చెమట పట్టింది. అది వాళ్ళ రూపయ్య, మన లెక్కలో మూడు వేలకు లోపే అని తరువాత చెప్పాడు. గడుసువాడు.

ఇక పాస్‌పోర్టులు. అరవై దాటినవారికి రుసుములో పదోవంతు తగ్గింపు ఉంది. వయసు రుజువుకు నా పెన్షన్ ఆర్డరు పనికివచ్చింది. ఆమెకు ఆధారు, పాను. ఆ కాగితాలన్నీ ఒకచోట పరిచిన రోజున ఒక సంగతి బయటపడింది. మిత్రులారా, దయచేసి ఇది శ్రద్ధగా వినండి. నా పెన్షన్ ఆర్డరులో ఆమె పేరు అత్తవారింట పిలిచే పేరు, ఆధారులో బడిలో రాయించిన పేరు. పుట్టిన సంవత్సరం ఆర్డరులో 1955, ఆధారులో 1957. తప్పు ఎవరిదో కాదు, నాదే. రిటైరయ్యేటప్పుడు కుటుంబ వివరాల ఫారం నింపింది నేను. ఆమెను ఒక్క మాట అడగకుండా, నాకు తోచిన పేరు, తోచిన జూలై ఒకటో తేదీ రాశాను.

నేను ముందు పోయి ఉంటే ఆమె ఏ కాగితం పట్టుకుని, నేనే ఆయన భార్యనని చెప్పుకొనేది? కుటుంబ పెన్షన్ కోసం ఎన్నిసార్లు ఎన్ని మెట్లెక్కేది? ఎనభై ఏళ్ళు నిండాక వచ్చే ఇరవై శాతం అదనపు పెన్షన్ కూడా ఆ పుట్టిన తేదీ మీదే ఆధారపడి ఉంటుంది. ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు. ఇద్దరం కలిసి దిగిన ఫొటో, ఆధారు, పాను నకళ్ళు జతచేసి నేను రిటైరైన ఆఫీసుకు దరఖాస్తు పెట్టాను. రెండుసార్లు గుర్తుచేయవలసి వచ్చింది. సవరణ ఉత్తర్వు చేతికి వచ్చిన తరువాతనే విమానం టిక్కెట్లు కొన్నాను. అప్పటికి స్విట్జర్లాండు ఊసు నా నోట రావడం మానేసింది.

యాత్ర గురించి రెండు మాటలు. కౌలాలంపూరులో విమానం మారాం. తెంగానన్ ఊరు బాలికి తూర్పున కరంగసెం జిల్లాలో ఉంది. అక్కడ నేసే బట్ట పేరు గెరింగ్‌సింగ్. రోగం లేనిది అని అర్థం, ఒంటి మీద ఉంటే జబ్బు రాదని వాళ్ళ నమ్మకం. పడుగుకూ పేకకూ రెండింటికీ చిటికి కట్టి నేస్తారు. ఒక్క బట్ట పూర్తి కావడానికి ఏళ్ళు పడుతుంది. నూలును ముందుగా నూనెలో, బూడిద నీళ్ళలో నానబెడతారు. ఎరుపు రంగు తొగరు జాతి చెట్టు వేరు పట్ట నుంచి తీస్తారు. ఇదంతా కారు డ్రైవరు వచ్చీరాని ఇంగ్లీషులో చెబితే నేను తెలుగులో చెప్పాను. మా ఆవిడ మధ్యలోనే అందుకుని "మన తేలియా రుమాలు గిట్లనే గదా, నూనె, ఆముదం కాయల బూడిద" అన్నది. యాభై ఏళ్ళలో ఆమె నాకు పాఠం చెప్పడం, నేను వినడం అదే మొదలు.

ఒక ఇంటి అరుగు మీద ఒకామె నూలు కడుతున్నది, కార్డు మీది మనిషి కాదు, మరొకరు. మా ఆవిడ అడగకుండానే పక్కన కూర్చుంది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. తాను తీసుకుపోయిన కొయ్యలగూడెం రుమాలు సంచీలోంచి తీసి ఇచ్చింది. ఆవిడ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, తిప్పి వెనుకవైపు చూసి, అంచు గోటితో గీరి చూసి, మా ఆవిడ వేళ్ళు పట్టుకుంది. ఆ పైన రెండు గంటలు నేను బయట కొబ్బరిబోండాం తాగుతూ కూర్చున్నాను. అక్కడి బట్ట కొందామంటే ధర విని ఆమే వద్దన్నది. "గంత పని జేసినోళ్ళకు గంత ఇయ్యాల్సిందే, గని మన పింఛనుతోటి గాదు" అన్నది.

పోదలచినవారికి కొన్ని సూచనలు. కేంద్ర పెన్షనర్లు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కాబట్టి ప్రయాణం ఆ లోపల ముగించుకోండి. ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ పేరుతో కొంత పట్టుకుంటారు, రిటర్ను దాఖలు చేసి తిరిగి రాబట్టుకోవచ్చు. మందుల చీటీ వెంట ఉంచుకోండి. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు షుగరు, బీపీ దాచకండి.

పెన్షన్ ఆర్డరులో భార్య పేరు, పుట్టిన తేదీ సవరించుకునే దరఖాస్తు నమూనా ఇరవై కాపీలు తీయించి కార్యదర్శి గారి బల్ల మీద పెట్టాను. చాలకపోతే ఇంకా తీయిద్దాం. ఆధారు కార్డు వెంట తెచ్చుకున్నవారు భోజనాలకు లేవకముందే పక్కనున్న మీ ఇంటావిడను పేరు, తేదీ అడిగి పోల్చి చూసుకోండి. మా ఆవిడ ఆ మూడో వరుసలో కూర్చుంది. ఫారం నింపడంలో ఎవరికైనా సందేహముంటే ఆమెను అడగండి, నన్ను కాదు.