గౌటు మందు నిచ్చు అడవినాభి



రక్తములో యూరిక్ ఆమ్లము ఎక్కువైనవారు పల్లెలలోను కనిపించుచున్నారు. వారికి చెట్ల మందులు చెప్పువారికి కొదువ లేదు. మన కంచెలపై ప్రాకే అడవినాభికి ఈ జబ్బుతో నిజమైన సంబంధము కలదు. అది ఎంతవరకో తెలిసికొనుట మంచిది.

ఆహారములోను, శరీర కణములలోను ఉండే ప్యూరిన్లు విచ్ఛిన్నమైనపుడు యూరిక్ ఆమ్లము తయారగును. ఎక్కువ భాగము మూత్రములో పోవును. అట్లు పోక, డెసిలీటరు రక్తములో సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటినచో, సూదులవంటి స్ఫటికములై కీళ్లలో చేరవచ్చును. అప్పుడు కాలి బొటనవ్రేలి కీలు వాచి, దుప్పటి తగిలినను ఓర్వలేనంత నొప్పి పుట్టును. ఇదియే గౌటు.

అడవినాభి ఆకు కొన నులితీగవలె చుట్టుకొనును. పూరేకులు పసుపు నుండి ఎరుపునకు మారి మంటవలె పైకి లేచును. అందుకే దీనిని అగ్నిశిఖ అందురు. దుంప నాగలివలె వంగి ఉండుటచే సంస్కృతములో లాంగలి అన్నారు. దుంపలోను, గింజలోను కాల్చిసిన్ అను పదార్థము కలదు. తమిళనాడు రైతులు ఈ తీగకు ఊతమిచ్చి పెంచి, గింజలను మందుల తయారీకి అమ్ముచున్నారు. పుప్పొడిని చేతితో అంటించినచో కాయలు బాగుగా కట్టును.

ముఖ్య విషయ మేమనగా, కాల్చిసిన్ గౌటు వాపును, నొప్పిని తగ్గించును గాని యూరిక్ ఆమ్లమును తగ్గించదు. స్ఫటికములపైకి తెల్ల రక్తకణములు గుమిగూడుటచే వాపు వచ్చును. ఆ కణముల కదలికను ఇది అడ్డగించును. ఆమ్లమును తగ్గించుటకు అల్లోప్యూరినాల్ వంటి మందులు వేరుగా కలవు. ఉల్లిలోని క్వెర్సిటిన్ వంటివి ఆ ఆమ్లము తయారీని పరీక్షనాళికలో అడ్డుకొన్నను, వైద్యుని మందుకు బదులు కాజాలవు.

కాల్చిసిన్ మాత్రలో ఉండునది సాధారణముగా అర మిల్లీగ్రామే. దుంపలో ఎంత ఉన్నదో కంటితో చెప్పలేము. మోతాదు మించినచో వాంతులు, విరేచనములు పట్టుకొని, పిమ్మట రక్తకణములు, మూత్రపిండములు దెబ్బతిని ప్రాణమే పోవచ్చును. ఉడికించినను విషము పోదు.

కావున ఈ క్రింది జాగ్రత్తలు పాటించవలెను.

1. కొనువారు కుదిరిన తరువాతనే పంట వేయవలెను.

2. విత్తనపు దుంపలను కూరదుంపల దగ్గర ఉంచరాదు; పిల్లలకు, పశువులకు అందనీయరాదు.

3. దుంపలు త్రవ్విన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

4. పొరపాటున తిన్నచో, వాంతులకై ఎదురుచూడక, దుంప ముక్కతో సహా రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

అడవినాభిని పొలములో పండించవచ్చును గాని, ఇంటి వైద్యమునకు మాత్రము వాడకుడు.