డిస్కు ఆడకపోతే ఏం చేయాలి?

(మన మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో, జీవనోపాధుల అనుభవాలు పంచుకునే కార్యక్రమంలో ఒక సంఘ సభ్యురాలు మాట్లాడిన మాటలు)

 

పోయినేడు ఇదే సభలో గేదెల గురించి, కుట్టు మిషన్ల గురించి, పచ్చళ్ల గురించి చెప్పారు. ఈసారి నన్ను పెళ్లి వీడియోల డిస్కుల గురించి చెప్పమన్నారు. నేను ఇంటర్ తప్పినదాన్ని. కంప్యూటర్ ముట్టుకున్నదే ఇద్దరు పిల్లలు పుట్టాక. కాబట్టి చదువుకున్నవాళ్లు చెప్పినట్టు చెప్పలేను. చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే చెబుతాను.

సంఘంలో తీసుకున్న అప్పుతో ఒక పాత కంప్యూటర్, దానికి డీవీడీ రైటర్, ఒక యూపీఎస్ కొన్నాను. ఓణీల ఫంక్షన్లు, పెళ్లిళ్లు, గృహప్రవేశాలు కెమెరా కుర్రాళ్లు తీసుకొస్తే డిస్కుల్లోకి ఎక్కించి ఇవ్వడం నా పని. మొదటి నెల యాభై డిస్కుల డబ్బా కొంటే అందులో పందొమ్మిది చెడిపోయాయి. వాటిని పెరట్లో జామచెట్టుకు కట్టాను, చిలకలు రాకుండా. మా ఆయన నవ్వి "నీ కంతు డబ్బులు చెట్టుకు కాశాయి" అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ నెల కంతు కట్టడానికి మా సంఘం లీడరు అక్క దగ్గర చేబదులు తీసుకున్నాను.

డబ్బు పోవడం ఒక ఎత్తు. ఇంకోటి చెబుతాను, అదే ముఖ్యం.

మా సంఘంలోనే ఒక పెద్దమ్మ ఉంది. వాళ్ల మనవరాలి ఓణీల ఫంక్షన్ వీడియో నేనే డిస్కు చేసి ఇచ్చాను. వాళ్లింట్లో ప్లేయర్ లేదు. డిస్కు బీరువాలో పెట్టుకున్నారు. తర్వాత రెండు నెలలకే పెద్దనాన్న పోయాడు. పెద్దకర్మ రోజున చుట్టాలంతా ఆయన్ని ఒకసారి చూద్దామని పక్కింటి నుంచి ప్లేయర్ తెచ్చి పెట్టారు. టీవీ మీద "నో డిస్క్" అని వచ్చింది. ఎన్నిసార్లు పెట్టినా అదే. మర్నాడు పెద్దమ్మ ఆ డిస్కును కొంగులో చుట్టుకుని మా ఇంటికొచ్చింది. "అమ్మాయ్, ఇందులో మీ పెద్దనాన్న లేడంటున్నారు. ఒకసారి చూడమ్మా" అంది.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నా కంప్యూటర్లో ఆ వీడియో లేదు, జాగా చాలక చెరిపేశాను. కెమెరా కుర్రాడి కార్డులోనూ లేదు, వేరే పెళ్లి తీశాడు. ఉన్నదల్లా ఆమె చేతిలో ఉన్న డిస్కే. వణుకుతున్న చేత్తో దాన్ని నా కంప్యూటర్లో పెట్టాను. రెండు ఫైళ్లు కనిపించాయి. నొక్కితే ఆడాయి. పెద్దనాన్న కుర్చీలో కూర్చుని మనవరాలి మీద అక్షింతలు వేస్తున్నాడు. పెద్దమ్మ అక్కడే నేల మీద కూలబడింది.

డిస్కు చెడిపోలేదు. తప్పు నాది. పెన్‌డ్రైవ్‌లో వేసినట్టు ఫైళ్లను ఊరికే కాపీ చేసి ఇచ్చాను. కంప్యూటర్‌కు అది అర్థమైంది, ఆ పాత ప్లేయర్‌కు అర్థం కాలేదు. ఆ రోజే సరైన డిస్కు చేసి, నేనే వాళ్లింటికి తీసుకెళ్లి, అదే ప్లేయర్లో పెట్టి, చివరిదాకా చూసి వచ్చాను.

ఆ రోజు నుంచి నాకు ఒకటి తెలిసింది. అన్నం మాడితే బియ్యాన్ని పారబోయం కదా. మంట ఎక్కువైందా, నీళ్లు తక్కువయ్యాయా, గిన్నె పలచనా అని చూస్తాం. డిస్కు కూడా అంతే. తప్పు మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది: వీడియో తయారుచేసిన చోట, డిస్కు మీద రాసిన చోట, లేదా దాన్ని ఆడించే ప్లేయర్లో. ఏ చోటో ముందు తేల్చుకోవాలి.

తేల్చుకోవడం ఇలా. ఆడని డిస్కును ముందు కంప్యూటర్లో పెట్టండి. అక్కడా తెరుచుకోకపోతే రాయడంలోనే తప్పు. కంప్యూటర్లో ఆడి టీవీ ప్లేయర్లో ఆడకపోతే తయారీలో తప్పు, లేదా డిస్కు ముగించలేదు, లేదా ప్లేయర్ది తప్పు. ఆ ప్లేయర్లో బజారులో కొన్న వేరే డిస్కు పెట్టి చూడండి. అదీ ఆడకపోతే మీరు తప్పు చేయలేదు, ప్లేయర్‌లో అద్దానికి దుమ్ము పట్టింది.

ఇక ఒక్కో చోటు గురించి చెబుతాను.

మొదటిది తయారీ. డేటా డిస్కు వేరు, వీడియో డిస్కు వేరు. ఫైలు కాపీ చేస్తే డేటా డిస్కు. పాత ప్లేయర్లకు కావలసింది వీడియో డిస్కు. డీవీడీ స్టైలర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియోను పెట్టి, పాల్, ఎన్‌టీఎస్‌సీ అని అడిగినచోట పాల్ ఎంచుకుంటే అది తయారుచేస్తుంది. మన దేశంలో టీవీల పద్ధతి పాల్. రీజియన్ అడిగితే అన్ని ప్రాంతాలకు అని పెట్టండి. సినిమా కంపెనీల డిస్కులకు మన దేశం నంబరు 5. మన ఇంటి వీడియోకు ఆ కట్టడి అక్కర్లేదు, దుబాయ్‌లో ఉన్న తమ్ముడికి పంపినా ఆడాలి కదా. పని అయ్యాక డిస్కు తెరిచి చూస్తే "వీడియో టీఎస్" అనే ఫోల్డరు, అందులో వీఓబీ, ఐఎఫ్ఓ అనే తోకలున్న ఫైళ్లు ఉండాలి. ఎంపీ4 ఒక్కటే కనిపిస్తే నాలాగే మీరూ పొరపాటు చేసినట్టు.

డిస్కు అట్ట మీద 4.7 జీబీ అని ఉంటుంది. కంప్యూటర్ మాత్రం 4.37 అని చూపిస్తుంది. కంపెనీ మోసం చేయలేదు. వాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తే, కంప్యూటర్ 1024 చొప్పున లెక్కేస్తుంది. ఒకే బియ్యాన్ని రెండు కొలతలతో కొలిస్తే లెక్క వేరుగా వస్తుంది కదా, అలాగ. కాబట్టి 4.3 దాటకుండా చూసుకోండి. ఒక డిస్కులో గంట వీడియో అద్దంలా ఉంటుంది. రెండు గంటలు బాగానే ఉంటుంది. మూడు గంటలు కుక్కితే మొహాలు గళ్లు గళ్లుగా కనిపిస్తాయి. పెళ్లి పెద్దదైతే రెండు డిస్కులు చేయండి, ముందే చెప్పి రెండింటి డబ్బు తీసుకోండి.

తయారీ సగంలో ఆగిపోతే కంప్యూటర్లో ఖాళీ జాగా చూడండి. ఒక్క డీవీడీకి కనీసం 10 జీబీ ఖాళీ ఉంచుకోవాలి. జాగా ఉన్నా పెద్ద ఫైలు పట్టడం లేదంటే ఆ డ్రైవ్ ఫ్యాట్ 32 పద్ధతిలో ఉందేమో చూడండి. అది 4 జీబీ దాటిన ఒక్క ఫైలును పట్టదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లో పెట్టుకోవాలి.

పంతులు గారి పెదాలు ఒకలా కదిలి, మంత్రం తర్వాత వినిపిస్తోందా? సెల్‌ఫోన్‌లో తీసిన వీడియోలకు ఇది ఎక్కువ. ఫోను సెకనుకు తీసే బొమ్మల లెక్క మారుతూ ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ముందుగా సెకనుకు 25 బొమ్మలు, మార్పు లేకుండా అని పెట్టి మార్చుకుని, తర్వాత డిస్కు చేయండి.

రెండోది రాయడం. నా పందొమ్మిదిలో ఎక్కువ భాగం ఇక్కడే పోయాయి. డబ్బా మీద 16 ఎక్స్ అని ఉంటే అంత వేగం పెట్టాను. ఇప్పుడు 4 లేదా 8 పెడుతున్నాను. పావుగంట ఆలస్యమైనా డిస్కు దక్కుతుంది. రాసేటప్పుడు పాటలు పెట్టుకోవడం, పిల్లల్ని గేములు ఆడనివ్వడం కూడదు. కంప్యూటర్ నిద్రపోయే సెట్టింగు తీసేయండి. కరెంటు పోతే రాసేది రాసేది ఆగిపోయి ఆ డిస్కు ఇక పనికిరాదు. అందుకే యూపీఎస్ ఖర్చు దండగ అనుకోకండి. కేబుల్‌తో తగిలించుకునే బయటి రైటరైతే కంప్యూటర్ వెనకవైపు నేరుగా పెట్టండి. మధ్యలో హబ్బులు పెడితే కరెంటు చాలక ఆగుతుంది.

ఎర్రర్ ఎక్కడ వచ్చిందో కూడా గమనించాలి. రాయడం మొదలవకముందే "పవర్ కాలిబ్రేషన్" అని ఎర్రర్ వస్తే ఆ రకం డిస్కు మీ రైటరుకు సరిపడలేదు, లేదా రైటరు అద్దం మురికిగా ఉంది. వేరే రకం డిస్కులు రెండు కొని చూడండి, డబ్బా మొత్తం కొనకండి. డిస్కు లోపలి నుంచి బయటి అంచుకు రాసుకుంటూ పోతుంది. కాబట్టి వీడియో చివర్లో, అప్పగింతల దగ్గర ఆగి ఆగి వస్తుంటే బయటి అంచున వేలిముద్రలో, గీతలో ఉంటాయి. మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవండి. ముగ్గులా గుండ్రంగా తిప్పి తుడవకూడదు.

రాయడం అయ్యాక ఫైనలైజ్ చేయమన్న గుర్తు ఉండాలి. మూట కట్టి ముడి వేయకపోతే ఎలాగో, ముగించని డిస్కు అలాగ. మన రైటరే చదువుతుంది, బయటి ప్లేయర్లు చదవవు. వెరిఫై అనే గుర్తు కూడా పెట్టండి. రాసినదాన్ని కంప్యూటరే మళ్లీ చదివి సరిచూస్తుంది.

మూడోది ప్లేయర్. డిస్కుల్లో మైనస్ ఆర్, ప్లస్ ఆర్ అని రెండు రకాలు. కొన్ని పాత ప్లేయర్లు ఒకదాన్నే చదువుతాయి. ఒకటి ఆడకపోతే రెండోదాని మీద చేసి ఇవ్వండి. డిస్కు మీద కాగితం లేబుల్ అంటించకండి, బరువు ఒకవైపు పడి తిరిగేటప్పుడు ఊగుతుంది. పేర్లు బాల్‌పెన్నుతో రాయకండి, పైపొర గీసుకుపోతుంది. సీడీ మార్కర్ దొరుకుతుంది.

అక్కలూ, ఇన్ని చెప్పానని భయపడకండి. ఒక్కసారి ఒక్కటే మార్చండి. నేను మొదట్లో డిస్కు, వేగం, సాఫ్ట్‌వేర్ మూడూ ఒకేసారి మార్చేదాన్ని. బాగైనా దేనివల్ల బాగైందో తెలిసేది కాదు. మన పంచసూత్రాల్లో పుస్తకాలు రాసుకోవడం ఉంది కదా. ఇప్పుడు నా కంప్యూటర్ పక్కన ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఏ రకం డిస్కు, ఎంత వేగం, ఎవరింట్లో ఆడింది, ఎక్కడ ఆగింది, అన్నీ రాస్తాను. చెడిపోయిన డిస్కుల ఖర్చు కూడా అందులోనే. అది రాయకపోతే లాభం వస్తోందో నష్టం వస్తోందో తెలియదు. పోయిన నెల నా పుస్తకంలో చెడిపోయినవి రెండు.

ఒక హెచ్చరిక కూడా. కొత్త సినిమా కాపీ చేసి ఇమ్మని కుర్రాళ్లు వస్తారు, డబ్బు ఎక్కువిస్తామంటారు. ఒప్పుకోవద్దు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా పడవచ్చు. సంఘం అప్పుతో కొన్న కంప్యూటర్ పోలీసు స్టేషన్లో కూర్చుంటుంది.

డీవీడీ ప్లేయర్లు తగ్గిపోతున్నాయని నాకూ తెలుసు. ఇప్పుడు డిస్కుతో పాటు పెన్‌డ్రైవ్‌లోనూ వేసి ఇస్తున్నాను. డిస్కు ఎండలో, వేడిలో పెడితే పాడవుతుంది. ఒక్కచోటే ఉన్నది ఎప్పటికైనా పోతుంది, రెండు చోట్ల ఉంచుకోమని అందరికీ చెబుతున్నాను. ఇక నా మటుకు నేను, "మా ఇంట్లో పెట్టుకుని చూశాం, బాగుంది" అని వాళ్ల నోటితో చెప్పేదాకా అసలు వీడియోను కంప్యూటర్లో నుంచి చెరపను. ఇంకోటి, ఆడని డిస్కును ఎవరూ పారేయకండి, జామచెట్టుకు కట్టకండి. ముందు తీసుకురండి, చూద్దాం. అందులో ఎవరున్నారో ఎవరికి తెలుసు.

మన పక్క ఊళ్ల చెల్లెళ్లు ఎవరైనా ఈ పని నేర్చుకుంటామంటే మా ఇంటికి రండి, ఉన్న కంప్యూటర్ మీదే చూపిస్తాను.