దండును కదిలించేదెవరు?

   

నా ఉద్యోగ జీవితమంతా చీమలతోనే గడిచింది. అందులోనూ నన్ను ఎక్కువగా పట్టుకున్నవి సైనిక చీమలు. వాటి గురించే చెబుతాను.

పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు చుట్టూ నీళ్లు చేరి ఒక కొండ దీవిగా మిగిలిపోయింది. దాని పేరు బారో కొలరాడో. ఆ అడవిలో ఎసిటాన్ బర్చెల్లీ అనే చీమ ఉంది. ఒక్కో దండులో లక్షల చీమలుంటాయి. వాటికి పుట్ట లేదు. ఒక చీమ తన కాలి గోళ్లను ఇంకో చీమకు తగిలించి వేలాడుతుంది, దాన్ని పట్టుకుని మరొకటి. అలా గొలుసులుగా అల్లుకుని తమ ఒళ్లతోనే గూడు కట్టుకుంటాయి. రాణీ, పిల్లలూ నడిమధ్యన ఉంటాయి. తెల్లవారాక గొలుసులు విడిపోయి దండు వేటకు బయలుదేరుతుంది. చూపు దాదాపు లేదు. ముందు వెళ్లినవి నేల మీద వదిలిన వాసనే దారి. దారిలో చిన్న గుంటో, ఆకులో చిల్లో అడ్డమొస్తే దానికి సరిపోయే ఒళ్లున్న చీమ అందులో పడుకుంటుంది, మిగతావి దాని మీదుగా పరుగెడతాయి. స్కాట్ పావెల్, నైజెల్ ఫ్రాంక్స్ అనే శాస్త్రవేత్తలు రకరకాల కొలతల రంధ్రాలు చేసిన చెక్కల మీద వీటిని నడిపించి, ఏ రంధ్రంలో ఎంత చీమ పడుకుంటుందో కొలిచి 2007లో ప్రచురించారు. చిన్న రంధ్రానికి చిన్న చీమ, పెద్దదానికి పెద్ద చీమ.

మరి ఇంత దండును నడిపించేదెవరు? శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు మనవాళ్లు. ఇక్కడ ఆజ్ఞ రాణిదే అయి ఉంటుందని ఎవరికైనా తోస్తుంది. రాణి గుడ్లు పెడుతుంది, అంతే. ఆజ్ఞలు ఇవ్వదు.

ఈ చీమలు కొన్నాళ్లపాటు దాదాపు రోజూ రాత్రి మకాం మారుస్తాయి, ఆ తర్వాత కొన్నాళ్లు ఒకేచోట ఉండిపోతాయి. చుట్టుపక్కల తిండి అయిపోతే కదులుతాయి, అనేది పాత జవాబు. ఎంత సబబుగా ఉంది! థియోడర్ ష్నెయిర్లా అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1932లో బారో కొలరాడో వెళ్లారు. ఆ జవాబుతో ఆయన ఊరుకోలేదు. ఒకే దండు వెంట రోజుల తరబడి తిరిగి, మకాం మారినప్పుడల్లా లోపల పిల్లలు ఏ దశలో ఉన్నాయో చూశారు. లార్వాలు ఎదుగుతున్నన్నాళ్లూ, అంటే సుమారు 15 రోజులు, దండు కదులుతూనే ఉంటుంది. అవి పట్టుగూళ్లు అల్లుకుని ప్యూపాలయ్యాక దాదాపు 20 రోజులు ఆగుతుంది. ఆ మకాంలోనే రాణి పొట్ట ఉబ్బి, కొద్ది రోజుల్లోనే లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్ల నుంచి లార్వాలు వచ్చే వేళకే పాత ప్యూపాల నుంచి కొత్త చీమలు బయటపడతాయి. ఇక దండు నిలవదు, మళ్లీ ప్రయాణమే. కాళ్లు లేని పసి పురుగుల ఆకలి అన్ని లక్షల చీమలను లేపి నడిపిస్తోంది! కదలడం వల్ల వేటకు కొత్త నేల దొరుకుతుంది, అదీ నిజమే. కానీ ఆ లాభం వేరు, ఈ రాత్రే బయలుదేరమని తొందరపెట్టే కారణం వేరు. ఆ రెండింటినీ విడదీసింది ష్నెయిర్లా ఓపిక.

నా దిగులంతా ఇక్కడే. సబబుగా వినిపించే జవాబు ఒకటి దొరకగానే మనం చూడటం మానేస్తున్నాం.

సైనిక చీమలు మన దేశంలోనూ ఉన్నాయి. ఏనిక్టస్ అనేవి మూడు మిల్లీమీటర్ల చీమలు. కార్మికులకు అసలు కళ్లే ఉండవు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తొలకరి రోజుల్లో, ఒక చెరువు గట్టున వాటి వరుస కనబడింది. ప్రతి చీమా పొట్ట కింద, కాళ్ల మధ్య, తెల్లటిదేదో మోసుకుపోతోంది. పక్కనున్న రైతు, "గుడ్లు మోస్తున్నాయమ్మా, వాన గట్టిగా పడుతుంది" అన్నాడు. ఆ మాటలో తరాల అనుభవం ఉంది, దాన్ని నేను తీసిపారెయ్యను. భూతద్దం పెట్టి చూశాను. తెల్లటివి అన్నీ ఒక సైజులో లేవు. కొన్ని లార్వాలు, కొన్ని ప్యూపాలు, మధ్యలో వేరే జాతి చీమల ముక్కలు. సైనిక చీమల సొంత పిల్లలు ఒకే ఈడువి, ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి. ఇవి సొంతవి కావు, ఇంకో పుట్టను కొల్లగొట్టి తెస్తున్న ఆహారం. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే తప్ప ఆ తేడా తెలియదు.

పరిశోధక విద్యార్థులూ, మిమ్మల్నే అంటున్నాను. మీ సిద్ధాంత గ్రంథాల్లో గ్రాఫులు ముచ్చటగా ఉంటాయి. మౌఖిక పరీక్షలో "ఈ పురుగు ఆకు మీదికి ఎటునుంచి వచ్చిందమ్మా?" అంటే మాత్రం మౌనం. "వీడియో తీశాం మేడమ్." తీశావు నాయనా, చూశావా? నోటుపుస్తకం లేకుండా పొలానికి వచ్చినవాళ్లను వెనక్కి పంపాను, ఇక ముందూ పంపుతాను. కోపం వస్తే రానీండి. రాత్రి గదికి చేరాక గుర్తు చేసుకుని రాసేది రికార్డు కాదు, కథ. తల్లిదండ్రులకూ ఒక మాట. మీ పిల్ల గట్టున కూర్చుని చీమలను చూస్తుంటే ఖాళీగా ఉందనుకోకండి, అది పనిలో ఉంది. కేకెయ్యకండి.

కార్ల్ రెటెన్‌మయర్ అనే ఆయన అర్ధ శతాబ్దం పాటు ఈ ఎసిటాన్ దండుల వెంట ఎవరెవరు వస్తారో రాసుకుంటూ పోయారు. దండుకు బెదిరి పారిపోయే పురుగులను పట్టే పక్షులు, ఆ పక్షుల రెట్టల కోసం వచ్చే సీతాకోకచిలుకలు, చీమల ఒంటినే అంటిపెట్టుకున్న మైట్లు. ఈ ఒక్క చీమ జాతితో ముడిపడినవి 500 జాతులకు పైగా తేలాయి. ఆయన 2009లో కన్నుమూశారు. ఆ జాబితాను సహచరులు 2011లో ఆయన పేరుతోనే అచ్చువేయించారు. ఎవరో ఇచ్చిన ప్రాజెక్టు గడువులో పూర్తయ్యే పని కాదది. అలాంటి పనికి మీలో ఒకరిద్దరైనా సిద్ధపడాలని నాకు ఆశ. అడగడానికి మొహమాటం లేదు.

వచ్చే వానాకాలం ఎక్కడైనా సన్నటి చీమల వరుస కనబడితే కాసేపు ఆగండి. బరువుతో ఉన్నవన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయా, ఉత్త నోటితో ఎదురొచ్చేవి ఉన్నాయా? మోస్తున్నవి ఒకే సైజులో ఉన్నాయా? తేదీ, వేళ, చోటు అక్కడే రాయండి. రాసింది నాకు పంపండి. వచ్చిన ప్రతి ఉత్తరానికీ జవాబు రాస్తాను.