నగరపాలన, జాతీయ రాజకీయాలు: ఒక మేయరు దృష్టి

(కళాశాల విద్యార్థుల సభలో ఒక మాజీ మేయరు చేసిన ప్రసంగ పాఠం)



నగరపాలక సంస్థలో పనిచేసిన వారికి రెండు ప్రశ్నలు తరచుగా ఎదురవుతూ ఉంటాయి. “మీ పని మురుగు కాలువలు, వీధి దీపాలు, చెత్త బండ్లు. మీకు రాజకీయాలెందుకు?” అని కొందరు అడుగుతారు. “దేశంలో ఇన్ని పెద్ద సమస్యలుండగా ఈ కుళాయిల గొడవ ఏమిటి?” అని మరికొందరు విసుక్కుంటారు. ఊరు వేరు, దేశం వేరు అనే భావన నుండే ఈ రెండు ప్రశ్నలూ పుట్టినవి. ఆ భావన సరియైనదేనా అని ఈనాడు మీతో కలిసి ఆలోచించాలని నా కోరిక.

నా అభిప్రాయం ముందుగానే మనవి చేస్తాను. జాతీయ రాజకీయాలు నగరసభలోనికి రావడంలో తప్పు లేదు. అయితే అవి అక్కడికి వచ్చి బాధ్యతను అభ్యసించాలి. బాధ్యతను అభ్యసించాలంటే ఆ సభకు నిజమైన అధికారం ఉండాలి. అధికారం ఒకరి చేతిలో, సంజాయిషీ మరొకరి నోట ఉన్నంతకాలం ప్రజలు ఎవరినీ సరిగా నిలదీయలేరు.

స్థానిక స్వపరిపాలనకు మన దేశంలో నాంది పలికినదిగా 1882 మే 18న వెలువడిన రిప్పన్ ప్రభువు తీర్మానాన్ని చరిత్రకారులు పేర్కొంటారు. పరిపాలన మెరుగుపడుతుందన్నది ఆ తీర్మానంలో ప్రధాన వాదం కాదు. ప్రజలకు రాజకీయ విద్య గరపడానికి ఇది సాధనమన్నది అందులోని ముఖ్యాంశం. పరాయి పాలకుడు తెరచిన ఆ చిన్న పాఠశాలలో మనవారు ఆశించినదానికంటె ఎక్కువే నేర్చుకొన్నారు. 20వ శతాబ్ది ఆరంభంలో టంగుటూరి ప్రకాశం గారు రాజమహేంద్రవరం పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు. రాజగోపాలాచారి గారు 1917 నుండి 1919 వరకు సేలం పురపాలక సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. తరువాతి కాలంలో వీరిద్దరూ మద్రాసు రాష్ట్ర ప్రధానులైన సంగతి మీకు తెలిసినదే.

అయితే ఈ పాఠశాలలో అందరూ ఇష్టపడి చేరలేదు. ఆనాటి గుంటూరు జిల్లాలోని చీరాల, పేరాల గ్రామాల కథ తెలుగువారు మరువరానిది. అక్కడివారిలో చాలామంది చేనేత పనివారు, చిన్న రైతులు. ఈ గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం 1920 ప్రాంతంలో పురపాలక సంఘంగా మార్చింది. ఆ మార్పుతో పన్నుల భారం అనేక రెట్లు పెరిగింది. వచ్చిన సౌకర్యం మాత్రం ప్రజల కంటికి కనిపించలేదు. “మాకు ఈ పురపాలక సంఘం వద్దు” అని వారు మొరపెట్టుకొన్నారు. ఆ మొరకు నాయకత్వం వహించినవారు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చారు. పన్నులు నిరాకరించి శిక్షలకు సిద్ధపడడం ఒక మార్గమనీ, పురపాలక సంఘం ఎల్లలు దాటి వెలుపలికి వెళ్ళిపోవడం మరొక మార్గమనీ ఆయన సూచించారు. ప్రజలు రెండవ మార్గాన్ని ఎంచుకొన్నారు. అత్యధిక సంఖ్యాకులు ఇండ్లూ వాకిళ్ళూ విడిచి, ఊరి వెలుపల పాకలు వేసుకొని, ఆ చోటుకు రామనగర్ అని పేరు పెట్టుకొన్నారు. ఎండకూ వానకూ ఓర్చి సుమారు పదకొండు నెలలు అక్కడ నివసించారు. గోపాలకృష్ణయ్య గారు కారాగారం పాలయ్యారు. కడకు ప్రజలు తిరిగి ఊళ్ళోకి రాక తప్పలేదు. అయినా ఒక సామాన్యమైన పురపాలక పన్ను ప్రశ్న భారత స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ఒక అధ్యాయమైనది. ప్రజల సమ్మతి లేని స్థానిక ప్రభుత్వం స్థానికం కానేరదని, అది పైనుండి దిగిన మరొక కచేరీ మాత్రమేనని ఆ నేతగాళ్ళు దేశానికి తెలియజెప్పారు.

చీరాల ప్రజలు పురపాలక సంఘాన్ని విడిచి వెళ్ళగా, అహమదాబాదులో వల్లభభాయి పటేల్ దాని లోపలికే ప్రవేశించారు. 1917లో ఆయన పురపాలక సభ్యులైనారు. పారిశుద్ధ్య సంఘం బాధ్యత వహించారు. సహాయ నిరాకరణ కాలంలో అహమదాబాదు పురపాలక సంఘం తన పాఠశాలలపై ప్రభుత్వ అజమాయిషీని తిరస్కరించగా, 1922లో ప్రభుత్వం ఆ సంఘాన్నే తొలగించింది. రెండేండ్ల తరువాత ఎన్నికలు జరిగినప్పుడు పటేల్ గారు అధ్యక్షులై తిరిగివచ్చారు. 1928 వరకు ఆ పదవిలో ఉన్నారు. 1927లో గుజరాతును ముంచెత్తిన వరదలలో సహాయ కార్యక్రమాన్ని నడిపినది ఈ అనుభవమే. సంస్థానాల విలీనంలో మనం చూచిన కార్యదక్షత కాలువలు, మంచినీటి గొట్టాలు, జమాఖర్చుల మధ్య పదును దేరినది.

విద్యార్థులారా, 1924వ సంవత్సరాన్ని గుర్తుంచుకొనండి. ఆ ఏడు అహమదాబాదులో వల్లభభాయి, బొంబాయిలో వారి అన్నగారు విఠల్‌భాయి, అలహాబాదులో జవాహర్‌లాల్ నెహ్రూ, పాట్నాలో రాజేంద్రప్రసాద్, కలకత్తాలో దేశబంధు చిత్తరంజన్ దాస్ తమ తమ నగరసభలకు అధిపతులు. కాబోయే రాష్ట్రపతి, కాబోయే ప్రధానమంత్రి, కాబోయే ఉపప్రధాని ఒకే కాలంలో పురపాలక దస్త్రాలు చూస్తున్నారన్నమాట!

వీరిలో మేయరు అనే బిరుదు ధరించినవారు దేశబంధు ఒక్కరే. 1923 నాటి కొత్త చట్టం ప్రకారం ఆయన కలకత్తాకు మొదటి మేయరయ్యారు. ఆయన ప్రకటించిన కార్యక్రమం చూడండి: ఉచిత ప్రాథమిక విద్య, పేదలకు ఉచిత వైద్యం, చౌకగా స్వచ్ఛమైన ఆహారం, పాలు, మెరుగైన నీటి సరఫరా, మురికివాడల పారిశుద్ధ్యం, పేదలకు గృహవసతి. ఇంగ్లీషు ప్రభుత్వాన్ని పడద్రోయాలని పూనుకొన్న మహానాయకుడు పాల కల్తీని గురించి ఆలోచించడం తనకు చిన్నతనమని భావించలేదు. ఆయన కోరికపై 27 ఏండ్ల సుభాష్ చంద్ర బోస్ కార్పొరేషన్ ప్రధాన కార్యనిర్వహణాధికారి అయ్యారు. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం ఆయనను నిర్బంధించింది. కొంతకాలం అలీపూర్ జైలు నుండే ఆయన కార్పొరేషన్ కాగితాలు పరిష్కరించారు. తరువాత మాండలే పంపించారు. 1930లో ఆయన మేయరుగా ఎన్నికైనప్పుడు కూడా కారాగారంలోనే ఉన్నారు.

అయితే ఈ నాయకులకు పురపాలక జీవితంలో ఎదురైన నిరాశను కూడా చెప్పక తప్పదు. నెహ్రూగారు సుమారు రెండేండ్లు పనిచేసి అలహాబాదు పదవిని వదులుకొన్నారు. ప్రభుత్వం బిగించిన చట్రంలో మౌలికమైన మార్పు ఏదీ సాధ్యం కాదని, కొత్త ఆలోచనలకు అక్కడ చోటు లేదని ఆయన తమ ఆత్మకథలో వ్రాశారు. అప్పుడు ఆ చట్రం పరాయివారిది. స్వతంత్ర భారతంలో దానిని మనం ఎంతవరకు సడలించామన్నదే అసలు ప్రశ్న.

రాజ్యాంగ నిర్మాతలు 40వ అధికరణంలో గ్రామ పంచాయతీలను ప్రస్తావించి, వాటిని ఆదేశిక సూత్రాలలో చేర్చారు. నగరాలకు ఆపాటి వాక్యమైనా దక్కలేదు. పురపాలక సభల నుండి ఎదిగి వచ్చిన తరమే రాజ్యాంగాన్ని రచించినప్పటికీ ఇట్లా జరిగింది. దేశ విభజన గాయాలు పచ్చిగా ఉన్న ఆ రోజులలో వారి దృష్టి కేంద్రం బలంగా నిలవడంపై ఉండడం సహజమే. కాని దాని ఫలితంగా నాలుగు దశాబ్దాలకు పైగా పురపాలక సంఘాలు రాష్ట్ర ప్రభుత్వాల దయాదాక్షిణ్యాలపై బ్రతికాయి. రద్దు చేస్తే రద్దు, ప్రత్యేకాధికారిని నియమిస్తే అతడే మేయరు, అతడే సభ.

1989లో ప్రతిపాదించిన 65వ రాజ్యాంగ సవరణ బిల్లు రాజ్యసభలో వీగిపోయింది. 1992 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 74వ సవరణ 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చింది. అయిదేండ్ల పదవీకాలం, సభ రద్దయితే ఆరు నెలలలోగా ఎన్నిక, మహిళలకు మూడవ వంతుకు తగ్గకుండా స్థానాలు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభాను బట్టి స్థానాలు లభించాయి. పన్నెండవ షెడ్యూలులో 18 విషయాలు పేర్కొన్నారు. ఈ సవరణ మన నగరసభల రూపురేఖలనే మార్చివేసింది. వంటింటి కుళాయి ముందు బిందెతో నిలబడిన గృహిణి సభలో లేచి నీటి లెక్క అడిగినప్పుడు చర్చ తీరే మారిపోవడం నేను మేయరు స్థానం నుండి చూచాను.

కాని చట్టంలోని క్రియాపదాలను గమనించండి. ఎన్నికలు జరిపి “తీరవలెను” అన్నారు. అధికారాలను మాత్రం రాష్ట్ర శాసనసభ “ఇవ్వవచ్చును” అన్నారు. ఈ రెండు పదాల మధ్యనే మేయరు ఇరుక్కొని ఉన్నాడు. 1888 నాటి బొంబాయి పురపాలక చట్టం కార్యనిర్వాహక అధికారాన్ని ప్రభుత్వం నియమించే కమిషనరుకు అప్పగించింది. 1955 నాటి హైదరాబాదు నగరపాలక చట్టంతో సహా అనేక చట్టాలు ఆ అచ్చునే అనుసరించాయి. నీరు రాకపోతే జనం మేయరును అడుగుతారు. దస్త్రం మీద సంతకం కమిషనరుది. ఆ కమిషనరును బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. కమిషనర్లలో సమర్థులైన వారెందరో ఉన్నారు. వారిపై నాకు ఫిర్యాదు లేదు. ఓటు వేసిన వాడికి జవాబు చెప్పవలసిన వాడి చేతికి పగ్గాలు ఇవ్వకపోవడం పైనే నా ఆక్షేపణ.

“తీరవలెను” అన్నది సైతం అన్నిచోట్ల సాగలేదు. సకాలంలో ఎన్నికలు జరపడం తప్పనిసరి అని సర్వోన్నత న్యాయస్థానం 2006లో స్పష్టం చేసింది. అయినప్పటికీ దేశంలోకెల్లా పురాతనమైన చెన్నై నగరపాలక సంస్థ 2016 నుండి 2022 వరకు ఎన్నికైన సభ లేకుండా గడిపింది. ముంబయి 2022 మార్చి తరువాత మూడేండ్లకు పైగా అట్లే గడిపింది. ఒక రాష్ట్ర శాసనసభ అన్నేండ్లు ఎన్నికలు లేకుండా ఉంటే దేశమంతా గగ్గోలు పెట్టేది. నగరసభ విషయంలో ఆ గగ్గోలు వినరాలేదు. వినరాకపోవడమే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది.

ఇక డబ్బు సంగతి. మన పురపాలక సంస్థల ఆదాయ వ్యయాలు దశాబ్దానికి పైగా దేశ స్థూలోత్పత్తిలో సుమారు ఒక శాతం దగ్గరనే నిలిచిపోయాయని రిజర్వు బ్యాంకు 2022 నివేదిక తెలియజేసింది. ఇది బ్రెజిల్‌లో 7.4 శాతం, దక్షిణాఫ్రికాలో 6 శాతం. ఆక్ట్రాయి వంటి పన్నులు 2017 జూలైలో వస్తు సేవల పన్నులో లీనమైపోయాయి. చేతిలో మిగిలినది ముఖ్యంగా ఆస్తి పన్ను. దానిని సవరించడానికి ఎన్నికల ముందు ఏ పార్టీ ముందుకు రాదు. ఇక్కడ పౌరుల బాధ్యత కూడా ఉన్నది. చీరాల ప్రజలు తమ సమ్మతి లేని పన్నును ఎదిరించారు. మనం ఎన్నుకొన్న సభ విధించిన పన్నును ఎగవేసి ఆ సంప్రదాయానికి వారసులమని చెప్పుకోలేము.

నగరసభలలో రాజకీయ పార్టీలు ఉండరాదని కొందరు పెద్దలు అంటారు. నేను ఏకీభవించను. దాస్, పటేల్, నెహ్రూ పార్టీ మనుషులుగానే నగరసభలోనికి వచ్చారు. పార్టీ జెండా లేని చోట కులం, కంట్రాక్టు రహస్యంగా పార్టీలవుతాయి. దానికంటె ప్రజలు పేరు పెట్టి పిలువగల పార్టీ మేలు. కాని ఒక హద్దు ఉండాలి. ఎండాకాలంలో నీటి ట్యాంకర్లు పంచేటప్పుడు ఏ వార్డు ఎవరికి ఓటు వేసిందో చూడడం మొదలైతే ఆ రోజుతో నగరపాలన అంతమైనట్లే. ఓట్ల పెట్టె దగ్గర పార్టీ ఉండవచ్చు. కుళాయి దగ్గర పౌరుడు మాత్రమే ఉండాలి.

జాతీయ సమైక్యతకు ఇంతకంటె దగ్గరి పరీక్ష లేదు. నగరం అన్ని భాషలవారూ, అన్ని మతాలవారూ ఒకే గొట్టం నీరు త్రాగే చోటు. కలకత్తాలో దేశబంధు మేయరుగా ఉన్నప్పుడు హుసేన్ షహీద్ సుహ్రవర్దీ ఉపమేయరు. ఈనాడు పాకిస్తాన్‌లో ఉన్న కరాచీ నగరం 1933లో తన మొదటి మేయరుగా జంషెడ్ నుస్సర్వాంజీ మెహతా అనే పారశీకుని ఎన్నుకొన్నది. అంతకు ముందు పదకొండేండ్లు పురపాలక అధ్యక్షులుగా ఆయన చేసిన సేవ ఆ నమ్మకానికి ఆధారం. మహారాష్ట్రలోని షోలాపురానికి మగ్గాలతో వలస వెళ్ళిన పద్మశాలీ కుటుంబాల తెలుగువారిని ఆ నగరం కార్పొరేటర్లుగా, మేయర్లుగా ఎన్నుకొన్నది. బ్రతకడానికి వచ్చినవాడు పాలించేవాడు కాగలిగిన చోట సమైక్యత ఉపన్యాసాల అవసరం లేకుండానే నిలుస్తుంది. ఈ మాట ఈనాడు మన నగరాలలో భవనాలు కడుతున్న ఒడిశా, బీహారు కూలీలకూ వర్తించాలి. వారి బస్తీకి నీరు వస్తున్నదా అని అడిగేవారు మన సభలలో ఉన్నారా?

విద్యార్థులారా, మీలో కొందరు రేపు రాజకీయాలలో ప్రవేశిస్తారు. ఢిల్లీ వైపు చూడండి, తప్పు లేదు. కాని ముందుగా మీ వార్డు సభ్యుని పేరు తెలుసుకొనండి. మీ నగర వార్షిక బడ్జెటు ప్రతిని సంపాదించి, మీ గ్రంథాలయంలో ఉంచి, అందులో మీ వీధికి ఏమి కేటాయించారో చదవండి. సమావేశం జరిగే రోజున ప్రేక్షకుల స్థానంలో కూర్చొని వినండి. ఎన్నికలు వాయిదా పడితే ఎందుకని ప్రశ్నించండి. పార్లమెంటు సభ్యుణ్ణి అయిదేండ్లకొకసారి చూడవచ్చు, కౌన్సిలరు మాత్రం మీ వీధిలోనే ఉంటాడు. అతనిని అడగడం అలవాటైన పౌరుణ్ణి ఏ ప్రభుత్వమూ తేలికగా తీసిపారవేయలేదు.